తల్లిగారిల్లు, ఇల్లరికం, సెలవు: ప్రవాస యువత స్వదేశాగమనం – తెలుగు సినిమా కథనాల పరిశీలన

వ్యాస సంగ్రహం

విదేశాల్లో పెరిగిన తెలుగు యువత పూర్వికుల నేలకు రావడం గత రెండు దశాబ్దాల తెలుగు సినిమాలో తరచుగా కనిపించే ఇతివృత్తం. ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ (2005), ‘అత్తారింటికి దారేది’ (2013), ‘ఫిదా’ (2017) చిత్రాలను ఆధారంగా తీసుకొని, ఈ రాకను తెలుగు కథనం దేశాభిమానంగా కాక బంధుత్వ సమస్యగా, అందులోనూ పెళ్ళి ద్వారా ఏర్పడే వరసల సమస్యగా ఊహిస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘ఫిదా’ ఈ ఊహను తిరగవేసి, ఇల్లు విడిచి వెళ్ళవలసింది ఎవరన్న ప్రశ్నను స్త్రీ పక్షాన అడిగింది. అయితే అలా అడిగే క్రమంలో కథాస్థలమైన బాన్సువాడ ప్రాంతపు వలస చరిత్రను పక్కన పెట్టింది. కోటగిరి, బోధన్ ప్రాంతాల అనుభవాన్ని ఎదుట పెట్టుకొని చదివితే ఈ చిత్రపు బలమూ పరిమితీ రెండూ స్పష్టమవుతాయి.

కీలక పదాలు: డయాస్పోరా, రెండవ తరం, ఇల్లరికం, తల్లిగారిల్లు, గల్ఫ్ వలస, నిజాంసాగర్ ఆయకట్టు, తెలుగు సినిమా.

1. ఉపోద్ఘాతం

నిజామాబాద్ జిల్లా కోటగిరి మండలానికి బాన్సువాడ పొరుగు ప్రాంతం. రెండూ ఒకే శాసనసభ నియోజకవర్గంలో ఉన్నాయి. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది, కోటగిరి నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. నీరు మాత్రం రెండింటికీ నిజాంసాగర్ నుంచే వస్తుంది. శేఖర్ కమ్ముల దర్శకత్వంలో 2017 జూలైలో విడుదలైన ‘ఫిదా’ ఈ ఆయకట్టు పల్లెనే కథాస్థలంగా ఎంచుకొన్నది. అమెరికాలో స్థిరపడిన ఒక యువకుడు ఇక్కడికి రావడం, ఇక్కడి అమ్మాయిని ప్రేమించడం, ఆమె ఇల్లు విడిచి రానంటే చివరికి తానే ఇక్కడ ఉండిపోవడానికి సిద్ధపడటం స్థూలంగా ఈ కథ.

ఈ చిత్రంపై వచ్చిన వ్యాఖ్యానాల్లో ఎక్కువ భాగం తెలంగాణ భాషకు దక్కిన గౌరవం గురించి, కథానాయిక వ్యక్తిత్వం గురించి మాట్లాడింది. అది సముచితమే. హాస్యపాత్రలకో ప్రతినాయకులకో వదిలేసిన మాండలికాన్ని నాయిక నోట ప్రేమకూ కోపానికీ దుఃఖానికీ సరిపోయే భాషగా నిలబెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఈ ప్రాంతంలో నిలబడి చూసే ప్రేక్షకునికి మరొక ప్రశ్న తోస్తుంది. విదేశాల నుంచి ఈ ఊళ్ళకు వస్తున్నది ఎవరు? శంషాబాద్ విమానాశ్రయంలో దిగి నిజామాబాద్ దారి పట్టేవారిలో అమెరికా నుంచి వచ్చే యువకుడు ఒకడు. దుబాయి నుంచో కువైట్ నుంచో సెలవు మీద వచ్చే కూలీ మరొకడు. మన విమర్శ మొదటివానిని ‘డయాస్పోరా’ అని, రెండవవానిని ‘వలస’ అని వేర్వేరు అధ్యాయాల్లో పెడుతున్నది. ఈ విభజన ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలంటే ముందుగా మన కథనాలు స్వదేశాగమనాన్ని ఏ భావాలతో నిర్మిస్తున్నాయో చూడాలి.

2. వరస అనే ద్వారం

పూర్వికుల నేలకు పిల్లలు రావడాన్ని ప్రతి సమాజమూ తనదైన మాటతో అర్థం చేసుకొంటుంది. 1991లో ప్రభుత్వం కూలిపోయి, అంతర్యుద్ధం కారణంగా బ్రిటన్, అమెరికా, కెనడా, స్కాండినేవియా దేశాలకు చెదరిపోయిన సోమాలీల భాషలో ‘డకన్ ఎలిస్’ అనే మాట ఉన్నది. సంస్కృతికి మరలించడం అని దాని అర్థం. పాశ్చాత్య నగరాల్లో దారి తప్పుతున్నారని తల్లిదండ్రులు భావించిన పిల్లలను సోమాలీలాండ్‌కో కెన్యాలోని సోమాలీ వాడలకో పంపి, భాష, మతం, పెద్దల పట్ల మర్యాద నేర్పించే ఆచారానికి అది పేరు. అలా పంపబడిన పిల్లలనే స్థానికులు ఒకింత ఎగతాళిగా ఆ పేరుతో పిలవడమూ కద్దు. ఇక్కడ స్వదేశాగమనం ప్రధానంగా ఒక దిద్దుబాటు. వచ్చినవాడు దిద్దుబడవలసినవాడు.

తెలుగులో ఇలాంటి ఒక్క మాట లేదు. దానికి బదులు ఇంటికి సంబంధించిన మాటలున్నాయి. సొంతూరు, పుట్టిల్లు, అత్తారిల్లు, తెలంగాణలో తల్లిగారిల్లు. ఈ మాటలన్నీ నేలను బంధుత్వం ద్వారా సూచిస్తాయి. అందుకే మన సినిమాల్లో విదేశంలో పెరిగిన యువకుడు ఊరికే ‘దేశం’ చూడటానికి రాడు. పెళ్ళి పిలుపు మీద వస్తాడు, విడిపోయిన మేనత్త కోసం వస్తాడు, అన్నకు పిల్లను చూడటానికి వస్తాడు. పై మూడు చిత్రాల్లో రాకకు కారణాలు వరుసగా ఇవే. నేల మీద అడుగు పెట్టడానికి వీసా సరిపోతుంది. ఇంట్లో అడుగు పెట్టడానికి మాత్రం వరస కావాలి. ఈ వరసను సంపాదించడమే ఈ కథల్లో అసలు ప్రయాణం.

ఇందులో గమనించదగిన మరొక అంశం ఉన్నది. నాయకుని పితృగ్రామం ఈ కథలకు కేంద్రం కాదు. ‘ఫిదా’లో వరుణ్ చేరుకొనేది తన తాతల ఊరికి కాదు, వదినగా రాబోయే రేణుక ఊరికి. వియ్యపురికం మీదుగానే అతనికి ఒక స్వస్థలం ఏర్పడుతుంది. ‘పూర్వికుల నేల’ అనే భావన ఇక్కడ రక్తంతో సంక్రమించే ఆస్తిగా లేదు, పెళ్ళితో దొరికే సంబంధంగా ఉన్నది. డయాస్పోరా అధ్యయనాల్లో ప్రచారంలో ఉన్న ‘మూలాల అన్వేషణ’ అనే పరిభాషను ఈ చిత్రాలకు యథాతథంగా అన్వయించలేకపోవడానికి ఇదే కారణం.

3. సేవకుడిగా ప్రవేశం

ప్రభుదేవా దర్శకత్వం వహించిన ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’లో లండన్‌లో సంపన్న కుటుంబంలో పెరిగిన సంతోష్ బంధువుల పెళ్ళికి వచ్చి, పెళ్ళికూతురి స్నేహితురాలైన సిరిని ప్రేమిస్తాడు. సంతోష్ తల్లి పేదరికాన్ని ఎత్తిచూపి సిరిని, ఆమె అన్నను అవమానిస్తుంది. చెల్లెలిని అడగడానికి వచ్చిన సంతోష్‌కు రైతైన ఆ అన్న ఒక పందెం పెడతాడు. తన కంటే ఎక్కువ పంట పండించి చూపాలి. నాయకుడు పశువుల పని చేస్తూ, కారం మెతుకులు తింటూ, మట్టిలో దిగుతాడు.

పైకి ఇది సోమాలీ దిద్దుబాటుకు దగ్గరగా కనిపిస్తుంది. నిజానికి ఇక్కడ నేర్పుతున్నది సంస్కృతి కాదు. ధనికుని కుమారుడు రైతు ఇంట పాలేరుగా మారడం ద్వారా అతని తల్లి చేసిన అవమానానికి పరిహారం చెల్లిస్తున్నాడు. పంట తూకం ఒక నైతిక తూకంగా మారుతుంది. ఒక్క కారులోనే ఒక కొత్తవాడు అనుభవజ్ఞుడైన రైతును మించగలగడం సేద్యం తెలిసినవారికి నమ్మశక్యం కాదు. ఆ నమ్మలేనితనాన్ని కథ లెక్కచేయదు. దానికి కావలసింది దిగుబడి కాదు, వంగిన తల.

త్రివిక్రమ్ శ్రీనివాస్ ‘అత్తారింటికి దారేది’ ఇదే సూత్రాన్ని ఇటలీలోని మిలాన్ నగరం నుంచి హైదరాబాదుకు తెస్తుంది. ప్రేమ వివాహం చేసుకొన్నందుకు తండ్రి వెళ్ళగొట్టిన సునందను తిరిగి తండ్రి దగ్గరకు చేర్చడానికి మేనల్లుడు గౌతమ్ వస్తాడు. వచ్చి, మేనత్త ఇంట మారుపేరుతో డ్రైవరుగా చేరతాడు. కోట్లకు వారసుడైనవాడు మేనత్త ఇంట్లోకి వారసుడిగా రాలేడు, పనివాడిగానే రాగలడు.

ఈ చిత్రంలోని దిశల తారుమారును విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. ఇక్కడ పుట్టిల్లు విదేశంలో ఉన్నది, మెట్టినిల్లు హైదరాబాదులో ఉన్నది. తండ్రి మిలాన్‌లో ఎదురుచూస్తుంటే కూతురు స్వదేశంలో ఉండీ పుట్టింటికి దూరమైంది. అంటే పుట్టింటికి దూరం కావడానికి సముద్రం దాటనవసరం లేదని, తండ్రి గడప చాలునని కథ తనకు తెలియకుండానే చెబుతున్నది. ప్రవాసం, స్త్రీకి పెళ్ళి వల్ల కలిగే స్థానభ్రంశం ఒకే భాషలో మాట్లాడుకోగలవన్న సూచన ఇక్కడే మొలకెత్తింది. దాన్ని ప్రశ్నగా మార్చింది ‘ఫిదా’.

4. ‘ఫిదా’: ఆడబిడ్డ అడిగిన ప్రశ్న

అక్క పెళ్ళి చేసుకొని అమెరికా వెళ్ళడాన్ని భానుమతి వేడుకగా కంటే లోటుగానే అనుభవిస్తుంది. తల్లి లేని ఆ ఇంట్లో ఇక మిగిలేది తండ్రి, తాను. తానూ పెళ్ళి చేసుకొని వెళ్తే తండ్రి ఒంటరి. ఈ భయం చుట్టూ చిత్రం అల్లుకొన్నది. గర్భవతి అయిన అక్కకు తోడుగా ఆమె అమెరికా వెళ్ళినప్పుడు కూడా ఆ దేశం ఆమెకు ఆకర్షణగా కాక అక్కను తీసుకుపోయిన చోటుగానే కనిపిస్తుంది.

తెలంగాణలో పెళ్ళైన ఆడబిడ్డ తల్లిగారింటికి రావడానికి సందర్భాలు నిర్దిష్టంగా ఉన్నాయి. బతుకమ్మ పండుగ ఒకటి. ఒడిబియ్యం పోసుకోవడం ఒకటి. తొలి కాన్పు ఒకటి. ఆమె పుట్టిన ఇల్లే అయినా రావడానికి ఒక కారణం, ఉండటానికి ఒక గడువు ఉంటాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఒడి నింపి పంపడంలో ప్రేమ ఉన్నది, ఇక్కడ ఆమె ఉండిపోయే మనిషి కాదన్న గుర్తింపూ ఉన్నది. విదేశాల్లో పెరిగిన యువతకు స్వదేశంలో ఎదురయ్యే ఆదరణ స్వరూపం సరిగ్గా ఇదే. తమదే అనిపించే చోట అతిథి కావడం, వచ్చిన నాటి నుంచే వెళ్ళే తేదీ తెలిసి ఉండటం. ప్రవాస సాహిత్యం కొత్తగా కనుగొన్నట్టు చెప్పే ఈ వేదనను తెలుగు ఆడబిడ్డలు తరతరాలుగా ఎరుగుదురు.

భానుమతి ఈ ఏర్పాటునే నిరాకరిస్తుంది. వెళ్ళవలసింది నేనే ఎందుకన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నకు చిత్రం ఇచ్చే సమాధానం వరుణ్ బాన్సువాడకు రావడం. వైద్యవృత్తిలో భవిష్యత్తు ఉన్న అమెరికా యువకుడు పల్లెకు తరలిరావడాన్ని చాలామంది మాతృభూమి పిలుపుగా చదివారు. మన సామాజిక పరిభాషలో దానికి అంతకంటే సూటైన పేరున్నది, ఇల్లరికం. 1959 నాటి ‘ఇల్లరికం’ చిత్రం మొదలుకొని తెలుగు సినిమాలో ఇల్లరికపుటల్లుడు ఆత్మగౌరవం కోల్పోయినవాడు, అవమానాలు దిగమింగవలసినవాడు. ‘ఫిదా’ ఆ స్థానానికి అంటిన చిన్నతనాన్ని తుడిచివేసింది. అలా తుడవడానికి దానికి ఉపకరించినది అమెరికా. ఊళ్ళోని మరొక యువకుడు మామగారింట చేరితే నవ్వే సమాజం, అమెరికా వదులుకొని వచ్చినవానిని త్యాగశీలిగా చూస్తుంది. పురుషుని తరలింపును గౌరవప్రదం చేయడానికి విదేశ నివాసమంతటి ఆస్తిని తూకంలో వేయవలసి వచ్చింది. స్త్రీ తరలింపుకు మాత్రం ఏ తూకమూ అవసరం లేకపోయింది. రేణుక వెళ్ళింది. ఆమె వెళ్ళడాన్ని ఎవరూ త్యాగమనలేదు. చిత్రపు గొప్పదనం ప్రశ్న అడగడంలో ఉంటే, ఆ ప్రశ్న ఒక్క కూతురికే పరిమితం కావడంలో దాని హద్దు ఉన్నది.

5. చరిత్ర లేని పచ్చదనం

మరొక హద్దు కథాస్థలానికి సంబంధించినది. చిత్రంలో బాన్సువాడ పచ్చని పొలాలు, కాలువ నీళ్ళు, పెద్ద ఇల్లు, చుట్టాల సందడి. ఈ పచ్చదనం అనాదిగా అలాగే ఉన్నట్టు, ఇక్కడివారు ఎప్పుడూ ఇక్కడే ఉన్నట్టు కెమెరా చూపుతుంది. భానుమతి ‘కదలని’ మనిషిగా నిలబడాలంటే ఊరు కూడా కదలనిదై ఉండాలి.

వాస్తవంలో ఈ ఊళ్ళ చరిత్ర అంతా కదలికల చరిత్ర. మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని రూపశిల్పి. బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతాలకు ఆ కాలువలు నీటిని తెచ్చాయి. నీటి వెంట మనుషులు వచ్చారు. తడి సేద్యంలో ఆరితేరిన కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు ఇక్కడ భూములు కొని, ‘క్యాంపు’లనే కొత్త ఊళ్ళు కట్టుకొన్నాయి. చెరకు సాగు పెరిగింది. 1930ల చివరలో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం నడక మొదలుపెట్టింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ వినిపించే ఈ నేలపై ‘స్థానికుడు’ అన్న మాటకు ఏ కాలంలోనూ ఒకే అర్థం లేదు.

క్యాంపుల్లో పుట్టిన మూడవ తరానికి ‘సొంతూరు’ ఏది? తాత వదిలివచ్చిన కోస్తా గ్రామమా, తండ్రి చెరకు పండించిన కోటగిరి పొలమా? ప్రవాస యువత అడిగే ప్రశ్నే ఇది. అడగడానికి విమానం ఎక్కనవసరం లేదు. తెలంగాణ ఉద్యమకాలంలో ఈ ప్రశ్న రాజకీయ పదునును కూడా సంతరించుకొన్నది. 2014లో రాష్ట్రం ఏర్పడిన మూడేళ్ళకు వచ్చిన ‘ఫిదా’ ఈ పొరను తాకదు. తెలంగాణ భాష మాట్లాడే ఇల్లు ఒకటి చూపి, ఆ ఇంటి చుట్టూ ఉన్న పలు యాసల ఊరిని వదిలేసింది.

2015 చివరలో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడింది. ‘ఫిదా’ వచ్చేనాటికి అది జరిగి రెండేళ్ళు కూడా నిండలేదు. చిత్రంలోని సేద్యానికి అమ్మకం చింత లేదు, పంటకు ఫ్యాక్టరీ లేదు, అప్పు లేదు. వాణిజ్య చిత్రాన్ని సామాజిక సర్వేక్షణగా చదవడం తగదన్న ఆక్షేపణ ఇక్కడ రావచ్చు. అది న్యాయమైనదే. ప్రేమకథలో కర్మాగారం గురించి ఒక సన్నివేశం ఉండాలని ఎవరూ కోరరు. కానీ ‘నేను ఈ ఊరు విడిచి వెళ్ళను’ అన్నదే కథకు ఇరుసు అయినప్పుడు, ఆ ఊరి నుంచి జనం ఎందుకు వెళ్తున్నారన్నది కథకు బయటి విషయం కాదు. ఉండిపోవడం భానుమతికి ఒక నిశ్చయం. ఉండగలగడం చాలా ఇళ్ళకు ఒక వనరు. చిత్రం మొదటిదాన్ని చూపి రెండవదాన్ని దాచింది.

6. నమూనాకు రెండు హద్దులు

పెళ్ళి ద్వారా, వరస ద్వారా స్వస్థలాన్ని సంపాదించే ఈ నమూనా ఎంతవరకు పనిచేస్తుంది? దానికి ఒక హద్దు కాలం, మరొక హద్దు చట్టం.

కాలం విషయంలో మారిషస్ తెలుగువారు ఉదాహరణ. 1834లో మొదలైన ఒప్పంద కూలీ వ్యవస్థ కింద సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ ద్వీపానికి చేరారు. వారిలో కోరంగి, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్ళిన తెలుగువారున్నారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. నేటి యువతకు తెలుగు నేలపై పిలిచే మేనత్త లేదు, పెళ్ళి శుభలేఖ రాదు. వారికి మిగిలింది మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస రికార్డుల్లో ఒక పేరు, ఒక సంఖ్య, ఒక ఊరి పేరు. తెలుగు మూలాలున్న మారిషస్ రచయిత్రి నతాషా అప్పన్న 2023లో ఫ్రెంచి భాషలో వెలువరించిన ‘లా మెమ్వార్ దెలావే’ తాతముత్తాతల జాడను అటువంటి కాగితాల మధ్య వెతుకుతుంది. మూలాల జాడ తెలుసుకొనేందుకు భారత ప్రభుత్వం 2008లో ఒక పథకాన్ని ప్రారంభించడం కూడా ఈ అవసరాన్ని గుర్తించడమే. వరస తెగిన చోట దస్తావేజు దాని స్థానాన్ని తీసుకొంటుంది. అమెరికా తెలుగు కుటుంబాల్లో ఇప్పటికి అమ్మమ్మలు, మేనమామలు సజీవంగా ఉన్నారు కనుక సినిమా నమూనా చెల్లుతున్నది. మరో రెండు తరాల తరవాత చెల్లుతుందా అన్నది పరిశోధకులు ఇప్పుడే వేసుకోవలసిన ప్రశ్న.

రెండవ హద్దు నిజామాబాద్ జిల్లాకు మరింత దగ్గరిది. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న ఉత్తర తెలంగాణ నానుడిలో మూడవది గల్ఫ్. అక్కడ పనిచేసేవారి నివాసం యజమానికి, పని ఒప్పందానికి కట్టుబడి ఉంటుంది. అకామా ఉన్నంత కాలమే ఉనికి. అది పోతే కూలీల భాషలో ‘ఖల్లివెల్లి’. కుటుంబాన్ని తీసుకువెళ్ళే స్తోమత ఎక్కువమందికి లేదు, పౌరసత్వం దాదాపు అసాధ్యం. కనుక గల్ఫ్ కూలీకి ‘విదేశంలో పెరిగిన రెండవ తరం’ సాధారణంగా ఏర్పడదు. అతని పిల్లలు కోటగిరిలోనే, బోధన్‌లోనే పెరుగుతారు. స్వదేశాగమనం చేసేది తండ్రి. రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చి తన ఇంట్లో తానే చుట్టంలా కొన్ని వారాలు ఉండి వెళ్తాడు. చిన్న పిల్లలకు అతడు కొత్తవాడు. అమెరికా కథల్లో పిల్లలు నేలతో పరిచయం చేసుకొంటే, ఇక్కడ తండ్రి తన పిల్లలతో పరిచయం చేసుకొంటాడు. పైన చెప్పిన ఆడబిడ్డ స్థితి, కారణమూ గడువూ ఉన్న రాక, ఇతనికి అక్షరాలా వర్తిస్తుంది.

‘ఫిదా’ విడుదలైన 2017లోనే పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ అనే చిత్రాన్ని రూపొందించారు. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు చిత్రాల్లో ఒకదానిని ప్రేమకథగా, మరొకదానిని సమస్యా చిత్రంగా మనం వర్గీకరించాం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం జరగవలసి ఉన్నది. వరుణ్ ఉండిపోవాలని నిర్ణయించుకోగలడు, ఎందుకంటే వెళ్ళగల హక్కు అతని చేతిలో ఉన్నది. గల్ఫ్ కూలీ ఉండిపోవడం తరచు నిర్ణయం కాదు. వీసా ముగిసిందనో, ఆరోగ్యం చెడిందనో, కంపెనీ మూసేసిందనో అతడు ఉండిపోతాడు. ఇద్దరి రాకలో తేడా దేశాభిమానంలో లేదు, చేతిలో ఉన్న కాగితంలో ఉన్నది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు సినిమా ప్రవాస యువత స్వదేశాగమనాన్ని వరస సంపాదించే ప్రయత్నంగా నిర్మించింది. ధనవంతుడైన ఆగంతుకుడు పాలేరుగానో డ్రైవరుగానో తలవంచి లోపలికి రావాలి. రెండవది, ‘ఫిదా’ ఈ తలవంపును ఇల్లరికంగా మార్చి, ఇల్లు విడవవలసిన బాధ్యత స్త్రీకే ఎందుకన్న ప్రశ్నను ప్రజాదరణ పొందిన కథలోకి తెచ్చింది. ఈ విషయంలో అది తన ముందరి చిత్రాలను దాటింది. మూడవది, ఆ ప్రశ్నను నిలబెట్టడానికి అది కాలువలు, క్యాంపులు, కర్మాగారం, గల్ఫ్ అన్నిటినీ తుడిచివేసి ఊరిని స్థిరచిత్రంగా మలచింది.

తెలుగు డయాస్పోరా విమర్శ ఇంతవరకు ప్రధానంగా అమెరికా రచనల చుట్టూ తిరిగింది. కోటగిరి వంటి చోటు నుంచి మొదలుపెడితే దాని పరిధి మారుతుంది. కోస్తా నుంచి వచ్చిన రైతు మనుమడు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన తండ్రి, బతుకమ్మకు తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డ, అమెరికా నుంచి దిగిన యువకుడు ఒకే ప్రశ్న ముందు నిలబడి ఉన్నారు. వారు వచ్చిన ఇల్లు వారిని ఎన్ని రోజులు ఉండనిస్తుంది? ఈ నలుగురిలో ఒక్కరికే మన కథలు ఉండిపోయే వీలు కల్పించాయి. మిగిలిన ముగ్గురి రాకను కూడా స్వదేశాగమనంగా గుర్తించి చదవడం ఈ రంగంలో జరగవలసిన తదుపరి పని.